శూన్యమాసంలో కొత్త టైరు

మోకా నుంచి కిందికి దిగే వంపుల దారిలో, ముందున్న ఎద్దుబండి కూడా కనపడనంత కుండపోత వానలో, ఒక చేత్తో మోటారుసైకిలు హ్యాండిలు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని, వెనక కూచున్న మామగారి పంచె మీద ఒక్క చుక్క పడకుండా ఇంటికి చేర్చినవాణ్ణి నేను. మా ద్వీపంలో ఆ పని నాకు ముందు చేసినవాడు లేడు, నా తర్వాతా పుట్టలేదు. దారిలో ఒక దొర తన కారు ఆపి, అద్దం దించి, టోపీ తీసి మరీ నాకు నమస్కారం చేశాడు.

ఈ కథ నేను పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, చావు ఇళ్ళలో చెప్పాను, బస్సులో పక్కన కూచున్న పాపానికి ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాను. చెప్పినకొద్దీ వాన పెరిగింది. మొదట్లో దొర కారు ఆపాడు, అంతే. టోపీ తీయడం మా పెద్ద మనవడు పుట్టిన తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు వయసు మీద పడింది కాబట్టి ఆ దొరని ఇంటికి పంపించేస్తున్నాను. ఆ రోజు పడింది వాన కాదు, తుంపర. గొడుగు పట్టుకున్నది మామ. నేను రెండు చేతులతోనూ హ్యాండిలు పట్టుకుని, ఎంత నెమ్మదిగా దిగానంటే ఆ ఎద్దుబండే మమ్మల్ని దాటుకుని పోయింది. బండివాడు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. ఆ దారిలో నన్ను గుర్తించినవాడు ఎవరైనా ఉన్నాడంటే అతనొక్కడే.

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలికే. ఆ కథ నేనెందుకు కట్టానో చెప్పడం తేలిక కాదు. వానలో బండి నడపడంలో నా అంతవాడు లేడని ఊరంతా నమ్మాలి. నమ్మితే, బ్రిజే వెర్దియేర్ దారిలో ఏం జరిగిందని నన్నెవరూ అడగరు. అందుకు కట్టాను. ఎవరూ అడగలేదు కూడా.

మాది గుడ్‌ల్యాండ్స్. నేను చెరకు కాటా దగ్గర గుమాస్తాని. చిన్న రైతులు తెచ్చిన చెరకు తూచి బరువు చెప్పడం నా పని. ఎస్టేటు ఓవర్సీరు ఒకడు దేశం వదిలిపోతూ అమ్మిన నల్ల ఇంగ్లీషు మోటారుసైకిలు కొన్నప్పటినుంచి నేను నడవడం మానేశాను. పక్క వీధికి ఉప్పు తేవడానికి వెళ్ళాలన్నా దాన్ని తన్ని లేపాల్సిందే. ఊళ్ళో అలాంటివి ఇంకా ఉన్నాయి గానీ, అంత చప్పుడు చేసేది మాత్రం నాదొక్కటే. ఈ మాటలో సాగదీత ఏమీ లేదు, కావాలంటే అప్పట్లో మా వీధిలో నిద్ర చెడినవాళ్ళని అడగండి.

మామ అంటే మా ఆవిడ తండ్రి. మా వీధి చివరే ఉండేవాడు. కొంచెం చెరకు తోట ఉండేది. కానీ ఊళ్ళో ఆయన్ని రైతుగా ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. శనివారం సాయంత్రం రామభజనకి ఆయనే పెద్ద. మావాళ్ళ భజనలో దీపం వెలిగించి నడుమ పెడతారు. దాని చుట్టూ తాళాలు వాయిస్తూ, అడుగు వేస్తూ, పాడుతూ తిరుగుతారు. ముందు అడుగు మామది. ఆయన కాలు ఎలా పడితే మిగతావాళ్ళ కాళ్ళూ అలా పడేవి. పిల్లలకి తెలుగు చెప్పేదీ ఆయనే. మా తాతలు తోటపనికి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చారు, ఇప్పుడు మా ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచిలోంచి పుట్టిన క్రియోల్. మామా, అత్తా, నాయినా అన్న పిలుపులు, దేవుడి పాటలు, పెద్దలకి పెట్టే దణ్ణాలు, ఇవే మాకు మిగిలిన తెలుగు. మిగిలింది పలక మీద నేర్చుకోవాల్సిందే. ఇప్పుడు నేను రాస్తున్న అక్షరాలు కూడా పెళ్ళయిన తర్వాత ఆయన ఎదురుగా కూచుని దిద్దినవి. అల్లుణ్ణని కూడా చూడకుండా చెవి మెలిపెట్టాడు. ఆ అక్షరాలతోనే ఆయనకి నేను చేసింది రాయాల్సి వస్తోంది. సిగ్గుగానే ఉంది.

బ్రిజే వెర్దియేర్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు కొన్ని ఉండేవి. పిల్లలు ఉన్నారు, చెప్పేవాడు లేడు. అక్కడ చిన్న కొట్టు పెట్టుకున్న మావాడొకడు తన వసారా ఇస్తానన్నాడు. శనివారం మధ్యాహ్నం గోనెలు పరిచి, పిల్లల్ని కూచోబెట్టి, మామ అక్షరాలు దిద్దించేవాడు. గుడ్‌ల్యాండ్స్ నుంచి అక్కడికి బస్సులో పోవాలంటే దారిలో మారాలి. పోయినా, తరగతి అయ్యేసరికి భజన వేళకి ఇల్లు చేర్చే బస్సు దొరకదు. అందుకని నేను కాటా నుంచి వచ్చి, అన్నం తిని, మామని వెనక కూచోబెట్టుకుని పోయేవాణ్ణి. తరగతి అయ్యేదాకా కొట్టువాడితో కబుర్లు చెప్పి, మళ్ళీ తీసుకొచ్చేవాణ్ణి. నా బండి ఉంది కాబట్టే అక్కడి పిల్లలకి చదువుందని అందరితోనూ అనేవాణ్ణి. అది నిజమే. ఆ చదువు నా బండి వల్లే ఆగిపోయిందని మాత్రం ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

మామ బండెక్కే పద్ధతి చెప్పాలి. మొదటిసారి ఆడవాళ్ళలా ఒక పక్కకి కూచున్నాడు. మా ఆవిడ చూసి, దిగమని గొడవ చేసి, పంచె కచ్చ పోయించి, అటొక కాలు ఇటొక కాలు వేయించింది. ఆ తర్వాత ఆయనంత బాగా వెనక కూచునే మనిషిని నేను చూడలేదు. తాళాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, నా నడుముకి రెండు పక్కలా చేతులు ఆనించి, బండి వంగితే వంగేవాడు, లేస్తే లేచేవాడు. ఒక్కోసారి ఆయన వెనక ఉన్నాడన్న సంగతే మర్చిపోయేవాణ్ణి. ఇదంతా ఎందుకు చెప్తున్నానో కాసేపటికి తెలుస్తుంది.

స్వాతంత్ర్యం కావాలా వద్దా అని ఎన్నికలు రాబోతున్న చలికాలం అది. మా ద్వీపంలో ఆషాఢం, శ్రావణం చలికాలంలోనే వస్తాయి. వెనక టైరు అరిగి బోడి అయిపోయింది. నడుమంతా చదునై, ఒక చోట రబ్బరు కింది గుడ్డపోగులు తెల్లగా బయటపడ్డాయి. కొత్త టైరు రాజధాని పోర్ట్ లూయీ నుంచి తెప్పించాను. తెచ్చి, వసారాలో మేకుకి తగిలించాను. తగిలించి, అక్కడే ఉంచాను.

మా ఆవిడ వేయించమంది. ఆషాఢం వచ్చేసింది, శూన్యమాసం, కొత్త వస్తువు ఇప్పుడు మొదలుపెట్టకూడదన్నాను. శ్రావణం రాగానే మంచి శుక్రవారం చూసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి వేద్దామన్నాను. మావాళ్ళలో ఇలా అనడం వింతేమీ కాదు. కొత్త బండి అయితే గుడి ముందు నిలబెట్టి పూజ చేయించాకే రోడ్డెక్కిస్తాం. శూన్యమాసంలో కొత్త కోడలు కూడా అత్తింట్లో ఉండదు. కానీ మా ఆవిడకి నా భక్తి ఎంతో తెలుసు.

“శూన్యమాసం మీకా, చక్రానికా? మొన్న కొత్త పాంటు తొడుక్కుని ఊరంతా తిరిగారు. అప్పుడు పంచాంగం చూశారా?” అంది.

నిజానికి నా మనసులో ఉన్నది శ్రావణమూ కాదు, శుక్రవారమూ కాదు. ఎన్నికలకి ముందు ఒక ఆదివారం మోటారుసైకిళ్ళ ఊరేగింపు పెట్టారు. జెండాలు కట్టుకుని ఊరూరూ తిరగాలి. మా ఊరి బళ్ళలో నాది ముందు ఉంటుందని ఎవరో అన్నారు. ఎవరో కాదు, నేనే అన్నాను, ఎవరూ కాదనలేదు. ఆ రోజుకి టైరు కొత్తగా, నల్లగా, ముళ్ళలాంటి రబ్బరు నూగు కూడా రాలకుండా ఉండాలని నా కోరిక. ముందే వేస్తే కోతల కాలపు బురద పట్టి పాతదానిలా అయిపోతుంది. ఆషాఢంలోనే వచ్చే ఆ ఊరేగింపుకి టైరు వేయబోతున్నానని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి పంచాంగం చెప్తూ వచ్చాను.

మా ఆవిడ రోజూ ఆ బోడి చక్రం వంక చూసి నా వంక చూసేది. ఆ చూపు పడలేక ఒక పని చేశాను. చెరకు కొట్టే కత్తి మొన పొయ్యిలో కాల్చి, ఆ పాత టైరు మీద అడ్డంగా, ఏటవాలుగా గాట్లు పెట్టాను. చూడ్డానికి గాడులు మళ్ళీ వచ్చినట్టే ఉంది. గాడులు ఉండేది అందానికి కాదని, తడి రోడ్డు మీద చక్రం కింద చేరిన నీళ్ళు పక్కకి పోవడానికని నాకు అప్పటికి తెలియదనుకోకండి. తెలుసు. మిగిలిన కాస్త రబ్బర్నీ గాటు పెట్టి పల్చన చేస్తే రోడ్డుని పట్టుకునేది ఏమీ ఉండదనీ తెలుసు. అయినా కత్తి మళ్ళీ మళ్ళీ కాల్చాను. బాగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

ఊరేగింపుకి ముందురోజు శనివారం. మామ తాళాల సంచీతో వచ్చి, బండెక్కబోతూ వంగి చూశాడు. గాటులో వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు.

“ఈ గీతలేంటి అల్లుడూ?”

“నీళ్ళు పోడానికి మామా.”

“కంపెనీవాడు పెట్టినవేనా?”

“ఆఁ,” అన్నాను.

ఆయన కచ్చ బిగించి ఎక్కి కూచున్నాడు.

పోయేటప్పుడు ఎండ. తరగతి అవుతుండగా తుంపర మొదలైంది. మా దగ్గర దాన్ని లాప్లి, అంటే వాన, అని కూడా అనరు, చలికాలంలో అలా ఒక జల్లు వచ్చిపోతూనే ఉంటుంది. నిజంగా భయపడాల్సింది అలాంటి జల్లుకే. పెద్ద వాన అయితే రోడ్డుని కడిగేస్తుంది. జల్లు కడగదు, నానబెడుతుంది. కోతల కాలంలో మా రోడ్ల మీద ఏముంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. లారీల నుంచి రాలిన చెరకు ఆకు, చక్రాలకి అంటుకుని తోటల్లోంచి వచ్చిన ఎర్రమట్టి, నలిగిన గడల రసం, మిల్లు నుంచి పోయే పీపాల్లోంచి కారిన బెల్లపు మడ్డి. ఎండలో అదంతా ధూళి. మొదటి చినుకులు పడ్డాక ముద్ద. దాని మీద చెప్పుల్లేని కాలు కూడా నిలవదు.

కాసేపు ఆగుదామన్నాడు మామ. కొట్టువాడు కూడా టీ పెట్టిస్తానన్నాడు. నేను ఆ సాయంత్రం జెండా కర్రలు తెచ్చి బండికి కట్టుకోవాలి. భజన వేళవుతుందని వంక పెట్టాను. దీపం వెలిగించే వేళ అంటే మామ ఇంకేం అనడు. అది తెలిసే అన్నాను.

ఊరు దాటిన తర్వాత చెరకు తోటల మధ్య ఒక వంపు ఉంది. ఒక పక్క ఏరి పోసిన నల్లరాళ్ళ గుట్ట, ఇంకో పక్క కాలవ. ముందు చెరకు లారీ పోతోంది. ఓడంత లారీ అని చాలామందికి చెప్పాను. అది మామూలు లారీ, మామూలుగానే పోతోంది. దాని వెనక దూరంగా ఉండాల్సింది పోయి నేను అంటుకుని పోతున్నాను. దాటాలని తొందర. వంపులో లారీ మీంచి రెండు మూడు గడలు జారి రోడ్డు మీద పడ్డాయి. నేను వెనక బ్రేకు మీద కాలితో గట్టిగా తొక్కాను.

అలా తొక్కకూడదు. ఇప్పుడు మా మనవళ్ళకి బండి తాళాలు ఇచ్చే ముందు ఈ మాట విసుగొచ్చేదాకా చెప్తాను. తడి రోడ్డు మీద ముందూ వెనకా బ్రేకులు రెండూ కలిపి, కాస్త ముందుగానే, మెల్లగా నొక్కాలి. వంపులోకి దిగకముందే వేగం తగ్గించుకోవాలి, వంపులో కాదు. జల్లు మొదలైతే కొంచెంసేపు ఎక్కడైనా ఆగాలి. వెనక ఇంకో మనిషి ఉంటే అన్నీ ఇంకా ముందే చేయాలి. వాళ్ళకి ఇదంతా తాత అనుభవం. ఏ అనుభవమో అడగరు.

వెనక చక్రం తిరగడం ఆగి, పక్కకి జారింది. నా గాట్లలోకి ముద్ద నిండిపోయి ఉంటుంది, నున్నటి రాయి మీద సబ్బులా పోయింది. నేను గడ్డి మీద పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, అంతే. మామ రాళ్ళ పక్కన పడ్డాడు. బండి ఆయన కాలి మీద. మోటారు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

“మోటారు ఆపు,” అన్నాడు మామ. గొంతు పెంచకుండా, తరగతిలో పిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు.

ఆపి, బండి లేపాను. ఆయన మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరున లేదు. లారీవాడు వెనక్కి చూసుకుని ఆపాడు. తోటలోంచి కోతవాళ్ళు వచ్చారు. మామని లారీలో చెరకు పక్కన కూచోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. లారీ ఎక్కిస్తుండగా ఒకతను క్రియోల్‌లో అన్నాడు, గ్రామూన్ వెనక కదిలి ఉంటాడు, పెద్దవాళ్ళకి వంపులో భయం వేసి అటు ఊగుతారు, అందుకే బండి గ్లిసే అయిందని. గ్రామూన్ అంటే మాలో పెద్దాయన. గ్లిసే అంటే జారడం. అతను నా మీద జాలితోనే అన్నాడు. నేను అవుననలేదు. కాదనీ అనలేదు.

సాయంత్రానికి ఊళ్ళో నలుగురూ వచ్చి అడిగినప్పుడు మాత్రం, మామ ఊగాడని నేనే చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారికి ఏ వైపుకి ఊగాడో కూడా చెప్పాను.

ఆ మర్నాటి సంగతి ఎన్నోసార్లు మార్చి చెప్పుకున్నాను, నాకు నేనే. శ్రావణం వచ్చాక, పూజ చేయించాక కొత్త టైరు వేశానని. అలా కాదు. ఆదివారం తెల్లవారగానే, మామ ఆసుపత్రిలో కాలికి పిండికట్టుతో పడుకుని ఉండగా, నేను వసారాలో చక్రం విప్పుకుని కూచున్నాను. ఇనప పట్టీలతో పాత టైరు రిమ్ము నుంచి ఊడదీశాను. పట్టీ జారి వేలు నలిగింది. రిమ్ముకి సబ్బునీళ్ళు రాశాను, ట్యూబుకి పౌడరు చల్లాను, కొత్తదాన్ని తొక్కి కూచోబెట్టి గాలి కొట్టాను. పసుపు లేదు, బొట్టు లేదు, కొబ్బరికాయ లేదు. ఆషాఢమే. మా ఆవిడ గుమ్మంలో నిలబడి మొత్తం చూసింది. పాత టైరు భుజాన వేసుకుని వెనక తోటలోకి పోయి, కోసి పడేసిన ఆకు కింద లోపలికంటా తోసేసి వచ్చాను.

తర్వాత జెండా కట్టుకుని ఊరేగింపుకి పోయాను. పోకపోతే ఎందుకు పోలేదని అడుగుతారు కదా అనుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. పోవాలనిపించింది, పోయాను. జనం చేతులూపారు. నేనూ ఊపాను.

మామని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మా ఇంటికీ వచ్చేవాళ్ళు. వచ్చి బండి వంక చూసేవాళ్ళు. వెనక చక్రం కొత్తది, నిగనిగలాడుతోంది. అంత మంచి టైరు ఉన్న బండి ఎందుకు పడుతుంది? గ్రామూన్ ఊగాడన్న మాటకి అదే సాక్ష్యం అయిపోయింది. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కూచుని ఉన్నాను. ఇద్దరమే. మా ఆవిడ లోపల జావ కాస్తోంది. మామ పైకప్పు వంక చూస్తూ, “నేనే కదిలానేమో అల్లుడూ,” అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. అక్కడ ఎవరూ లేరు. చెప్పి ఉంటే ఆయన నన్ను తిట్టేవాడేమో, మళ్ళీ చెవి మెలిపెట్టేవాడేమో, అంతకన్నా ఏం జరిగేది?

“పోనీలే మామా,” అన్నాను.

క్షమించినవాడిలా అన్నాను. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పడేసింది నేను, కాలు విరిగింది ఆయనకి, క్షమించింది నేను. జావ వచ్చింది, తాగాడు.

కాలు అతికింది గానీ వంకరగా అతికింది. చేతికి కర్ర వచ్చింది. భజనలో దీపం చుట్టూ తిరగలేకపోయాడు. ఒక పక్క ముక్కాలిపీట వేశారు. దాని మీద కూచుని తాళం వాయించేవాడు, పాడేవాడు. ముందు అడుగు వేసేవాడు లేక కొన్నాళ్ళు అందరి కాళ్ళూ తడబడ్డాయి. మావాళ్ళు ఎకసెక్కం లేకుండా ఉండలేరు. ఆయన పీట మీద కూచోబోతుంటే ఎవరో ఒకరు, “మామా, పీట గట్టిగా పట్టుకో, అటు ఊగకు,” అనేవాళ్ళు. నవ్వులు. ఆయనా నవ్వేవాడు. ఒక శనివారం ఎవరూ అనకముందే ఆ మాట నేను అన్నాను. అందరికన్నా పెద్దగా నవ్వింది కూడా నేనే. దీపం అవతల ఆడవాళ్ళలో మా ఆవిడ ఉంది. తల తిప్పుకుంది.

బ్రిజే వెర్దియేర్ తరగతి ఆగిపోయింది. కొట్టువాడు రెండుసార్లు కబురు పెట్టాడు, పిల్లలు అడుగుతున్నారని, గ్రామూన్ ఎప్పుడొస్తాడని. నేను మామతో అన్నాను, మెల్లగా తీసుకెళ్తాను, కొత్త టైరు కూడా వేశాను కదా అని. ఆయన వద్దన్నాడు. కాలు మడిచి కూచోలేనన్నాడు. మామకి మోటారుసైకిలంటే భయం పట్టుకుందని నేను కొట్టువాడికి చెప్పాను. తర్వాత ఎప్పుడో పనిమీద ఆ దారిన పోతే, ఆ వసారాలో పిల్లలు కూచునే చోట బంగాళాదుంప బస్తాలు పేర్చి ఉన్నాయి. దిగకుండానే వచ్చేశాను. అక్కడి పిల్లలు ఇప్పుడు తాతలయ్యుంటారు. వాళ్ళలో ఎవరికైనా తమ పేరు తెలుగులో రాయడం వచ్చో రాదో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు మా వీధి వీధంతా పోర్ట్ లూయీ పోయింది, కొత్త జెండా ఎగరేయడం చూడ్డానికి. మామా, నా వెనక రా, తొందరగా చేరతాం అన్నాను. కర్ర పట్టుకుని బస్సు కోసం నడుస్తున్నాడు ఆయన. చెయ్యి ఊపి, నువ్వు పో అన్నాడు. అంత జనంలో, అంత ఇరుకు బస్సులో, ఆ కాలితో నిలబడి వెళ్ళాడు. పెద్దాయనకి భయం పోలేదని మళ్ళీ అందరికీ చెప్పాను. అప్పటినుంచే మోకా దారి, గొడుగు, కుండపోత వాన చెప్పడం మొదలుపెట్టాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. టైరు సంగతి తెలియకుండానే పోయాడు. తాను ఊగడం వల్లే పడ్డామని నమ్మి, దానికి నా ముందు చిన్నబోయి, ఆ భయంతోనే బండి ఎక్కడం మానేసి పోయాడు. నేను మొయ్యాల్సింది ఆయనతో మోయించాను. నాకున్న సిగ్గంతా ఇదే. ఇలా రాసి ముగిద్దామనుకున్నాను.

నిన్న సాయంత్రం దీన్ని మా ఆవిడకి చదివి వినిపించాను. చేట ఒళ్ళో పెట్టుకుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. కత్తి కాల్చడం దగ్గర నవ్వింది. ఊరేగింపు దగ్గర నవ్వలేదు. ఈ చివరి ముక్క చదివాక చేట కింద పెట్టింది.

“నాయినకి తెలియదని ఎవరు చెప్పారు మీకు?” అంది. “కింద పడ్డప్పుడు ఆ చక్రం ఆయన మొహం ముందే తిరిగి తిరిగి ఆగిందట. మీ కత్తి గాట్లూ చూశాడు, పోగులూ చూశాడు. ఆసుపత్రిలో మొదటి రోజే నాతో అన్నాడు. మంచం మీద మిమ్మల్ని అలా అడిగింది తనే కదిలాననుకుని కాదు. మీరు కాదంటారేమోనని అడిగాడు. మీరు పోనీలే అన్నారు. లోపలున్న నాక్కూడా వినపడింది. బండంటే ఆయనకి ఎప్పుడూ భయం లేదు. తర్వాత మా చిన్నాన్న కొడుకు బండి కొన్నాక, మీరు కాటా దగ్గర ఉన్నప్పుడు, వాడి వెనక ఎన్నిసార్లు తిరిగాడో. మీ వెనక కూచోనన్నాడు. అంతే.”